న్యూట్రాన్ తారల విస్ఫోటన డోలనాలు: అన్వయాలపై విమర్శనాత్మక పరిశీలన

సారాంశం

సహచర తార నుంచి ద్రవ్యాన్ని గుంజుకునే న్యూట్రాన్ తారల ఉపరితలంపై అప్పుడప్పుడు కేంద్రక విస్ఫోటనాలు జరుగుతాయి. వాటిలో కొన్నింటి ఎక్స్-కిరణ కాంతి సెకనుకు కొన్ని వందల సార్లు హెచ్చుతగ్గులకు లోనవుతుంది. వీటినే విస్ఫోటన డోలనాలు అంటారు. 1996లో మొదటిసారి గుర్తించిన నాటినుంచి ఇవి న్యూట్రాన్ తార ఆత్మభ్రమణ వేగాన్ని తెలిపే సాధనంగా, క్రమంగా దాని ద్రవ్యరాశి, వ్యాసార్థాలను రాబట్టే సాధనంగా వాడుకలోకి వచ్చాయి. డోలన పౌనఃపున్యం ఆత్మభ్రమణాన్ని సూచిస్తుందన్న నిర్ణయం దృఢమైన ఆధారాలపై నిలిచింది. ఆ డోలనాన్ని పుట్టించే కారణం మాత్రం, ముఖ్యంగా విస్ఫోటనం చల్లారే దశలో, ఇప్పటికీ తేలలేదు. ఈ రెండు అంశాలకూ ఒకే స్థాయి నిశ్చయాన్ని ఆపాదించడం వల్ల ఏర్పడిన చిక్కులను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: న్యూట్రాన్ తార, ద్రవ్య సంచయనం, ఎక్స్-కిరణ విస్ఫోటనం, ఆత్మభ్రమణం, పౌనఃపున్యం, అనుమాన ప్రమాణం

1. ఉపోద్ఘాతం

కొండమీద పొగను చూసి అక్కడ నిప్పు ఉందని గ్రహించడం తర్కశాస్త్రంలో అనుమాన ప్రమాణానికి ప్రసిద్ధమైన ఉదాహరణ. పొగ హేతువు, నిప్పు సాధ్యం. పొగ ఉన్న చోటల్లా నిప్పు ఉంటుందన్న వ్యాప్తి ముందుగా తెలిసి ఉన్నప్పుడే ఆ అనుమానం నిలుస్తుంది. ఆ వ్యాప్తికి వంటిల్లు దృష్టాంతం. అక్కడ పొగా, నిప్పూ రెండూ కంటికి కనిపిస్తాయి కనుక వాటి సంబంధాన్ని సందేహించే పని లేదు. పొగలా కనిపించే మంచునో, ధూళినో చూసి నిప్పును ఊహిస్తే అది హేత్వాభాసం, అంటే హేతువులా తోచేదే తప్ప హేతువు కాదు.

ఖగోళ భౌతికశాస్త్రం ప్రధానంగా అనుమానంపై నడిచే శాస్త్రం. పరిశోధకుడు తారను తాకలేడు, దగ్గరకు పోలేడు. వేల కాంతి సంవత్సరాల దూరం దాటి వచ్చిన ఫోటాన్ల రాక సమయమూ, శక్తీ మాత్రమే అతని చేతిలో ఉంటాయి. కాబట్టి ఏ హేతువు నుంచి ఏ సాధ్యాన్ని రాబడుతున్నారు, వాటి మధ్య వ్యాప్తి ఎంత గట్టిది అన్న ప్రశ్న ఈ శాస్త్రంలో ప్రతి అడుగునా ఎదురవుతుంది. విస్ఫోటన డోలనాల చరిత్ర ఈ ప్రశ్నకు మంచి పరీక్షాస్థలం. ఇందులో దృఢమైన దృష్టాంతమూ ఉంది, హేత్వాభాసాలూ ఉన్నాయి, ఫలితం తెలిసీ కారణం తెలియని చిక్కూ ఉంది.

2. విస్ఫోటన స్వరూపం

సూర్యుడికి దాదాపు ఒకటిన్నర రెట్ల ద్రవ్యరాశి పది, పన్నెండు కిలోమీటర్ల వ్యాసార్థంలో ఇమిడితే అది న్యూట్రాన్ తార. దానికి తక్కువ ద్రవ్యరాశి గల సహచర తార ఉంటే, ఆ తార నుంచి హైడ్రోజన్, హీలియం వాయువులు చక్రంలా తిరుగుతూ వచ్చి న్యూట్రాన్ తారపై పడతాయి. దీన్నే ద్రవ్య సంచయనం అంటారు. పడే ప్రతి న్యూక్లియాన్ గురుత్వాకర్షణ వల్ల సుమారు 200 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిని విడుదల చేస్తుంది. అదే న్యూక్లియాన్ ఆ తర్వాత కేంద్రక దహనంలో ఇవ్వగలిగేది కొన్ని మెగా ఎలక్ట్రాన్ వోల్టులే. ఈ లెక్క ప్రకారం కేంద్రక దహనపు వెలుగు సంచయన కాంతిలో కలిసిపోయి కనబడకుండా పోవాలి. అలా జరగకపోవడానికి కారణం ఇంధనం వెంటనే మండకుండా పోగుపడడమే. గంటల తరబడి, కొన్నిచోట్ల రోజుల తరబడి చేరిన ఇంధనం చదరపు సెంటీమీటరుకు వంద టన్నుల స్థాయికి చేరినప్పుడు, దాని అడుగున హీలియం దహనం అదుపు తప్పుతుంది. గంటల కూడిక సెకన్లలో ఖర్చవుతుంది. ఉపరితల ఉష్ణోగ్రత రెండు, మూడు కోట్ల కెల్విన్‌లకు పెరుగుతుంది. వెలుగు ఒకటి నుంచి పది సెకన్లలో శిఖరానికి చేరి, పదుల సెకన్లలో క్రమంగా తగ్గుతుంది.

ఇటువంటి విస్ఫోటనాన్ని 1975లో ఆస్ట్రనామికల్ నెదర్లాండ్స్ శాటిలైట్ 4యు 1820-30 అనే మూలం నుంచి నమోదు చేసింది. ఎన్‌జీసీ 6624 అనే గోళాకార తారాగుచ్ఛంలో ఉన్న ఈ మూలం వ్యాసం చివర మళ్లీ ప్రస్తావనకు వస్తుంది. 2020లో వెలువడిన మిన్‌బార్ పట్టిక 85 మూలాల నుంచి 7083 విస్ఫోటనాలను నమోదు చేసింది. విస్ఫోటన డోలనాలు నిశ్చయంగా కనిపించిన మూలాలు ఇరవైకి అటూ ఇటూ మాత్రమే. ఆ మూలాలలో కూడా ప్రతి విస్ఫోటనం డోలించదు. డోలనం ఉన్న చోట ఎందుకు ఉందో వివరించే ఏ సిద్ధాంతమైనా, లేని చోట ఎందుకు లేదో కూడా చెప్పవలసి ఉంటుంది. ఈ రెండో బాధ్యతను చాలా వ్యాఖ్యానాలు తేలికగా తీసుకున్నాయి.

3. 363 హెర్ట్జ్: తొలి హేతువు

1995 డిసెంబరు 30న ప్రయోగించిన రోసీ ఎక్స్-కిరణ ఉపగ్రహం ఫోటాన్ల రాకను మైక్రోసెకన్ల నిశితత్వంతో నమోదు చేయగలిగేది. దాని తొలి ఏడాదిలోనే స్ట్రోమేయర్ బృందం 4యు 1728-34 విస్ఫోటనాలలో సుమారు 363 హెర్ట్జ్ డోలనాన్ని గుర్తించింది. వారు చేసిన అన్వయం సరళమైనది. దహనం తార ఉపరితలమంతటా ఒకేసారి మొదలుకాదు. ఒకచోట అంటుకుని వ్యాపిస్తుంది. అంటుకున్న చోటు మిగతా ఉపరితలం కంటే వేడిగా, వెలుగుగా ఉంటుంది. తార తిరిగేకొద్దీ ఆ వేడి మచ్చ చూపులోకి వస్తూ, చాటుకు పోతూ ఉంటుంది. కాబట్టి డోలన పౌనఃపున్యమే ఆత్మభ్రమణ పౌనఃపున్యం.

ఈ అన్వయానికి బలం చేకూర్చే లక్షణం ఆరోహణ దశలోనే దొరికింది. వెలుగు సగటు నుంచి ఎంతమేర పైకీ కిందికీ పోతుందో చెప్పే కంపన పరిమితి విస్ఫోటనం మొదలైన క్షణాల్లో అత్యధికంగా ఉండి, వెలుగు పెరిగేకొద్దీ తగ్గింది. చిన్న మచ్చ పెద్దదై ఉపరితలాన్ని కప్పేకొద్దీ ఎదుటి వైపుకూ, చాటు వైపుకూ తేడా తగ్గుతుంది కనుక జరగవలసినది అదే. తర్వాతి కాలంలో ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన సుదీప్ భట్టాచార్య, మనోనీత చక్రవర్తి అనేక విస్ఫోటనాల ఆరోహణ దశలను పరిశీలించి, ఈ తగ్గుదల మొదట వేగంగా, పిదప నెమ్మదిగా సాగే తీరు మంట వేగం అక్షాంశాన్ని బట్టి మారుతున్నదని సూచిస్తున్నట్లు చూపారు. కోరియాలిస్ బలం భూమధ్యరేఖ దగ్గర బలహీనం, ధ్రువాల వైపు బలవత్తరం. మంట రేఖ దగ్గర వేగంగా, దూరంగా నెమ్మదిగా నడవాలన్న స్పిట్కోవ్‌స్కీ, లెవిన్, ఉషోమిర్‌స్కీల 2002 నాటి సిద్ధాంతంతో ఇది పొసగుతుంది.

ఇక్కడ ఒక సంగతిని గమనించాలి. ఆరోహణ దశలో పౌనఃపున్యమే కాక కంపన పరిమితి మార్పు కూడా అదే కారణాన్ని చూపుతున్నది. రెండు స్వతంత్ర లక్షణాలు ఒకే కారణం వైపు మొగ్గడం వల్ల అన్వయానికి బలం వచ్చింది.

4. సగమా, పూర్తా?

తొలి ఏడేళ్లు ఆ అనుమానానికి వంటిల్లు దొరకలేదు. అంటే, వేరే మార్గంలో ఆత్మభ్రమణం తెలిసిన తారలో ఈ డోలనాలు కనిపించలేదు. ఆ లోటు వల్ల ఒక వివాదం తలెత్తింది. విస్ఫోటనాలు లేని సమయాల్లోనూ ఈ తారల కాంతిలో కిలోహెర్ట్జ్ స్థాయికి దగ్గరగా రెండు డోలనాలు జంటగా కనిపిస్తాయి. ఆ రెండింటి తేడా 4యు 1728-34లో దాదాపు 363 హెర్ట్జ్ అని మొదట తోచింది. 4యు 1636-536లో మాత్రం ఆ తేడా సుమారు 250 హెర్ట్జ్ కాగా, విస్ఫోటన డోలనం 581 హెర్ట్జ్. అప్పుడు వచ్చిన సూచన ఏమంటే, ఆ తార నిజంగా తిరిగేది 290 హెర్ట్జ్ వేగంతోనే; ఎదురెదురుగా ఉన్న రెండు అయస్కాంత ధ్రువాల దగ్గర రెండు మచ్చలు ఉండడం వల్ల డోలనం రెట్టింపుగా కనిపిస్తున్నది. 1999లో మిల్లర్ ఆ తారలోనే 290 హెర్ట్జ్ వద్ద బలహీనమైన సంకేతం ఉన్నదని ప్రకటించడంతో ఈ సూచనకు ఊతం దొరికింది. తర్వాతి విస్ఫోటనాలలో అది మళ్లీ కనిపించలేదు.

ఈ వాదంలోని బలహీనత స్పష్టమే. జంట డోలనాల తేడాకు ఆత్మభ్రమణంతో సంబంధం ఉన్నదన్నది అప్పటికి ఒక ఊహ. ఆ ఊహను ప్రమాణంగా పెట్టుకుని విస్ఫోటన డోలనాన్ని సరిదిద్దబూనారు. ఊహ నిలకడ కూడా సందేహాస్పదమే అని మెండెజ్, వాన్ డెర్ క్లిస్ 1999లోనే చూపారు. 4యు 1728-34లో తేడా స్థిరంగా ఉండదు, పైగా ఎప్పుడూ 363 కంటే తక్కువే. 2002లో జోంకర్ బృందం 4యు 1636-536లో ఆ తేడా 581లో సగాన్ని మించిన సందర్భాన్ని కూడా చూపింది. అస్థిరమైన కొలతతో స్థిరమైన కొలతను సవరించడం తలకిందుల పని. అయినా దృష్టాంతం దొరికేవరకు ఈ వివాదం చల్లారలేదు.

5. శాక్స్ జె1808.4-3658: దృష్టాంతం

1998లో విజ్నాండ్స్, వాన్ డెర్ క్లిస్ శాక్స్ జె1808.4-3658 అనే మూలంలో 401 హెర్ట్జ్ స్పందనలను కనుగొన్నారు. ఇవి విస్ఫోటనాలతో నిమిత్తం లేనివి. సంచయన ద్రవ్యం అయస్కాంత ధ్రువాలపై పడి వెలిగే చోట్లు తారతోపాటు తిరగడం వల్ల వచ్చేవి. చక్రవర్తి, మోర్గాన్ వాటినుంచి సుమారు రెండు గంటల కక్ష్యాకాలాన్ని కూడా రాబట్టారు. కనుక ఆ తార ఆత్మభ్రమణం 401 హెర్ట్జ్ అన్నది వివాదాతీతం. 2002 అక్టోబరులో ఆ తార మళ్లీ ఉద్దీపన దశకు వచ్చినప్పుడు విస్ఫోటనాలలో డోలనాలు దొరికాయి. వాటి పౌనఃపున్యం కూడా 401 హెర్ట్జే. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థకు చెందిన దీప్తో చక్రవర్తి బృందం 2003లో దీన్ని ప్రకటించింది. అదే ఏడాది విజ్నాండ్స్ బృందం అదే తారలో కిలోహెర్ట్జ్ జంట డోలనాల తేడా సుమారు 195 హెర్ట్జ్, అంటే ఆత్మభ్రమణంలో దాదాపు సగమని తేల్చింది. వివాదంలో ఏ కొలతను నమ్మాలో ఈ ఒక్క తార చెప్పింది.

ఆ తర్వాత దృష్టాంతాలు పెరిగాయి. 2003లోనే ఎక్స్‌టీఈ జె1814-338లో 314 హెర్ట్జ్ వద్ద స్పందనలూ, విస్ఫోటన డోలనాలూ కలిసి కనిపించాయి. విస్ఫోటన డోలనాల ద్వారా 549 హెర్ట్జ్ అని ముందే అంచనా వేసిన ఆక్విలా ఎక్స్-1లో, 1998 నాటి దత్తాంశాన్ని తిరిగి పరిశీలించిన కసెల్లా బృందం 2008లో సుమారు 150 సెకన్లపాటు మాత్రమే నిలిచిన 550 హెర్ట్జ్ స్పందనను వెలికితీసింది. 4యు 1636-536లో 2001 ఫిబ్రవరి 22న జరిగిన మహావిస్ఫోటనంలో 582 హెర్ట్జ్ డోలనం దాదాపు 800 సెకన్లు కొనసాగింది. ఆ వ్యవధిలో పౌనఃపున్యంలో వచ్చిన స్వల్పమార్పు తార కక్ష్యాగమనానికి సరిపోయింది. గంటల కక్ష్యలో సాగే తారకు అంటిపెట్టుకున్న గడియారం మాత్రమే అలా నడవగలదు.

కాబట్టి వ్యాప్తి కుదిరింది. విస్ఫోటన డోలన పౌనఃపున్యం, కొద్ది హెర్ట్జ్‌ల తేడాలో, ఆత్మభ్రమణ పౌనఃపున్యమే. ఈ నిర్ణయం నుంచి వెలువడిన ఫలం కూడా గొప్పదే. అప్పటికి తెలిసిన 11 తారల వేగాలు 270 నుంచి 619 హెర్ట్జ్ మధ్య ఉన్నాయి. అంతకంటే వేగంగా తిరిగే తారలను గుర్తించడంలో ఉపగ్రహానికి ఇబ్బంది లేకపోయినా అవి కనిపించలేదు. దీనినుంచి చక్రవర్తి బృందం 730 హెర్ట్జ్ చుట్టూ ఒక వేగపరిమితి ఉండవచ్చని గణాంక పద్ధతిలో అనుమానించింది. తార చీలిపోయే వేగం అంతకంటే చాలా ఎక్కువ. మరి ఏది ఆపుతున్నది? గురుత్వ తరంగాల రూపంలో కోణీయ ద్రవ్యవేగం పోతుండవచ్చన్నది ఒక సమాధానం, అయస్కాంత క్షేత్రం సంచయనాన్ని నిగ్రహిస్తున్నదన్నది మరొకటి. 2006లో ప్రకటించిన 716 హెర్ట్జ్ రేడియో పల్సార్ కూడా ఆ హద్దు లోపలే ఉంది.

6. అవరోహణ దశ: కారణం ఎక్కడ?

పౌనఃపున్యం విషయంలో ఇంతటి నిశ్చయం సాధించిన పరిశోధన, డోలన కారణం విషయంలో అంత నిశ్చయాన్ని సాధించలేదు. చిక్కు అవరోహణ దశలో ఉంది. మచ్చ వ్యాపించి ఉపరితలమంతా కప్పిన తర్వాత ఎదుటి వైపుకూ చాటు వైపుకూ తేడా ఉండకూడదు, డోలనం ఆగిపోవాలి. అయినా చాలా విస్ఫోటనాలలో డోలనం శిఖరం దాటాక, వెలుగు తగ్గే దశలోనే స్పష్టంగా కనిపిస్తుంది. కొన్నిటిలో శిఖరం వద్ద మాయమై, ఆ తర్వాత మళ్లీ పుడుతుంది. వేడి మచ్చ అన్వయం ఆరోహణకు ఎంత చక్కగా అమరిందో అవరోహణకు అంత అమరదు.

దీనికి తోడు పౌనఃపున్యం స్థిరంగా నిలవదు. విస్ఫోటనం సాగేకొద్దీ ఒకటి నుంచి మూడు హెర్ట్జ్ వరకు పెరిగి ఒక స్థిరవిలువను సమీపిస్తుంది. దీనికి చెప్పిన వివరణ అందరికీ సుపరిచితమైన సూత్రమే. కూచిపూడి నర్తకి తిరుగుతూ చేతులు చాచితే వేగం తగ్గుతుంది, దగ్గరకు తీసుకుంటే పెరుగుతుంది. వేడెక్కిన పొర పైకి ఉబ్బి నెమ్మదిస్తుంది, చల్లారి కిందికి దిగి తార వేగాన్ని అందుకుంటుంది. లెక్క వేసి చూస్తే, పది కిలోమీటర్ల వ్యాసార్థం గల తారపై పొర 20 మీటర్లు ఉబ్బితే వేగం వెయ్యింట నాలుగు వంతులు తగ్గాలి. 300 హెర్ట్జ్ తారకు అది 1.2 హెర్ట్జ్ మాత్రమే. కమ్మింగ్ బృందం 2002లో ఇదే లెక్కను సాపేక్షతా సిద్ధాంతంతో సహా జాగ్రత్తగా చేసి, పెద్ద మార్పులు చూపిన విస్ఫోటనాలకు ఉబ్బు చాలదని తేల్చింది. సొంత వివరణ చాలడం లేదని ఆ వివరణను ప్రతిపాదించిన వారే చెప్పడం ఈ రంగంలో మెచ్చదగిన నిజాయితీ.

ఇంతకంటే లోతైన అభ్యంతరం మరొకటి ఉంది. పై పొర అడుగు తార కంటే ఒక హెర్ట్జ్ వెనుకబడిందంటే, పది సెకన్లలో పది చుట్లు వెనుకబడినట్లు. పొరలోని వేర్వేరు లోతులు వేర్వేరు వేగాలతో తిరుగుతుంటే, వాటి మధ్య ఒరిపిడిలో మచ్చ చెదిరిపోకుండా పది సెకన్లు నిలవడం ఎలా? సరళమైన చిత్రం దీనికి సమాధానం చెప్పదు.

ప్రత్యామ్నాయాలు మూడు. మొదటిది, ఉపరితల తరంగాలు. సముద్రంపై అలలలాగా వేడి పొరపై అలలు లేచి, వాటి ఎత్తుపల్లాలే వెలుగు తేడాలుగా కనిపిస్తాయన్నది 2004లో హెయిల్ చేసిన సూచన. అవరోహణ దశలో డోలనం ఎందుకు ఉంటుందో ఇది సహజంగా చెబుతుంది. కానీ పొర చల్లారేటప్పుడు ఇటువంటి తరంగాల పౌనఃపున్యంలో రావలసిన మార్పు గమనించినదానికంటే ఎక్కువ. పైరో, బిల్డ్‌స్టెన్ 2005లో తరంగం మధ్యలో మరో రకం తరంగంగా మారి నిలకడ చెందుతుందని సూచించారు. అటువంటి మార్పిడికి కావలసిన సంబంధం బలహీనమని 2008లో బెర్కౌట్, లెవిన్ వాదించారు. రెండవది, చల్లారే జాడ. ముందు అంటుకున్న చోటు ముందు చల్లారుతుంది కనుక ఉపరితలంపై ఉష్ణోగ్రత తేడా మిగులుతుంది. 2016లో మహమూదీఫర్, స్ట్రోమేయర్ చేసిన గణన ప్రకారం ఇది కొంత డోలనాన్ని వివరిస్తుంది. బలమైన డోలనాలకు మాత్రం వేర్వేరు చోట్లు వేర్వేరు వేగాలతో చల్లారుతాయన్న అదనపు ఊహ కావాలి. మూడవది, మంట మొత్తం ఉపరితలానికి వ్యాపించకుండా ఏదో ఒకటి నిర్బంధించడం. కోరియాలిస్ బలం ఆ పని చేయవచ్చని చాలాకాలం భావించారు.

ఈ మూడో ప్రతిపాదనకు ప్రకృతే ఒక పరీక్ష పెట్టింది. 2010లో టెర్జాన్ 5 తారాగుచ్ఛంలో బయటపడిన ఐజీఆర్ జె17480-2446 సెకనుకు 11 సార్లు మాత్రమే తిరుగుతుంది. అంత నెమ్మది తారపై కోరియాలిస్ బలం మంటను ఆపలేదు. అయినా దాని విస్ఫోటనాలలో డోలనాలు కనిపించాయి, అవి సంచయన స్పందనలతో దశ కలిపి సాగాయి. కావెక్కి బృందం 2011లో దీన్ని అయస్కాంత నిర్బంధానికి నిదర్శనంగా చూపింది. ఎక్స్‌టీఈ జె1814-338లోనూ ఇదే దశైక్యం కనిపిస్తుంది, పౌనఃపున్య మార్పు కనిపించదు. అయితే ఈ తారలు స్థిరమైన స్పందనలు చూపేవి, అంటే సంచయనాన్ని ధ్రువాల వైపు మళ్లించేంత అయస్కాంత క్షేత్రం గలవి. స్పందనలు చూపని అధిక సంఖ్యాక తారలకు ఈ వివరణను అలాగే వర్తింపజేయడం సాహసం. శాక్స్ జె1808.4-3658 విస్ఫోటనంలో పౌనఃపున్యం ఆరోహణ దశలోనే వేగంగా పెరిగి ఆత్మభ్రమణ విలువను కొద్దిగా దాటిపోయింది. పొర ఉబ్బు వల్ల వేగం తగ్గవచ్చు గాని, తారను మించిపోవడం దానితో సాధ్యం కాదు. ఒకే పేరుతో పిలుస్తున్న డోలనాలు ఒకే కారణం వల్ల పుట్టకపోవచ్చు. 2012లో అన్నా వాట్స్ రాసిన విస్తృత సమీక్ష కూడా ఈ కారణాల ప్రశ్నను తెరిచే ఉంచింది.

7. రెండు హేత్వాభాసాలు

పౌనఃపున్య వ్యాప్తి దృఢమే గాని, హేతువు నిజమైనదై ఉండాలి. మచ్చ లేని సంకేతాన్ని మచ్చగా భావించిన రెండు సందర్భాలు ఈ రంగానికి పాఠాలుగా మిగిలాయి.

మొదటిది ఈఎక్స్ఓ 0748-676. ఎక్స్ఎంఎం-న్యూటన్ ఉపగ్రహం నమోదు చేసిన విస్ఫోటనాల వర్ణపటంలో ఇనుము రేఖలు ఉన్నాయని, అవి తార గురుత్వం వల్ల 0.35 అరుణ విస్థాపనానికి లోనయ్యాయని 2002లో కాటమ్ బృందం ప్రకటించింది. ఈ విలువ ద్రవ్యరాశికి, వ్యాసార్థానికి గల నిష్పత్తిని నేరుగా ఇస్తుంది. కానీ రేఖలు సన్నగా ఉన్నాయి. వేగంగా తిరిగే తారలో డాప్లర్ ప్రభావం రేఖలను వెడల్పు చేస్తుంది. 600 హెర్ట్జ్ తారపై భూమధ్యరేఖ వేగం కాంతివేగంలో ఎనిమిదో వంతుకు చేరుతుంది. కాబట్టి ఆ తార నెమ్మదిగా తిరగాలి. 2004లో విలారియల్, స్ట్రోమేయర్ 38 విస్ఫోటనాల వర్ణపటాలను కూడి 45 హెర్ట్జ్ సంకేతాన్ని కనుగొనడంతో రెండు ఫలితాలూ ఒకదానికొకటి తోడుగా నిలిచాయి. ఆ అరుణ విస్థాపనాన్ని ఆధారం చేసుకుని 2006లో ఓజెల్, న్యూట్రాన్ తార పదార్థం మెత్తనిదన్న సిద్ధాంతాలను తోసిపుచ్చే నిర్ణయానికి వచ్చారు. 2008లో కాటమ్ బృందమే తిరిగి చేసిన పరిశీలనలో రేఖలు కనిపించలేదు. 2010లో గాలోవే బృందం రెండు విస్ఫోటనాలలో 552 హెర్ట్జ్ డోలనాన్ని కనుగొంది. సన్నని రేఖలకూ ఆ వేగానికీ పొత్తు కుదరదు.

ఇక్కడ తప్పు ఎవరి లెక్కలోనూ లేదు. 45 హెర్ట్జ్ సంకేతం ఏ ఒక్క విస్ఫోటనంలోనూ విడిగా నిలబడేంత బలమైనది కాదు, అనేక విస్ఫోటనాల కూడికలో తేలింది. దాని పౌనఃపున్యం ఇతర మూలాల వ్యాప్తికి చాలా దూరంగా ఉంది. అయినా అది మరో ఫలితానికి అవసరమైన విలువ కావడం వల్ల త్వరగా ఆమోదం పొందింది. రెండు బలహీనమైన హేతువులు పరస్పరం ఆసరాగా నిలబడితే రెండూ బలమైనవిగా కనిపిస్తాయి. ఆరోహణ దశలో కంపన పరిమితి, పౌనఃపున్యం పరస్పరం బలపరచినది స్వతంత్రంగా. ఇక్కడ జరిగినది అది కాదు.

రెండవది ఎక్స్‌టీఈ జె1739-285. 2007లో కారెట్ బృందం ఒకే విస్ఫోటనంలో, నాలుగు సెకన్ల వ్యవధిలో 1122 హెర్ట్జ్ సంకేతాన్ని నివేదించింది. నిజమైతే మిల్లీసెకనుకు తక్కువ కాలంలో తిరిగే తార దొరికినట్లే. చక్రవర్తి వేగపరిమితి కూలిపోవడమే కాక, వ్యాసార్థంపై కూడా గట్టి హద్దు ఏర్పడేది. 2020లో ఆ తార తిరిగి ఉద్దీపన చెందినప్పుడు నైసర్ పరికరంతో పరిశీలించిన బుల్ట్ బృందం 386 హెర్ట్జ్ డోలనాన్ని కనుగొంది. వేల కాలఖండాలలో, వేల పౌనఃపున్యాలలో వెతికితే యాదృచ్ఛికంగా ఏదో ఒక శిఖరం లేవడం సహజం. అన్వేషణ ఎన్నిచోట్ల జరిగిందో లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా, ఒక్కసారి కనిపించిన సంకేతం పునరావృతం అయ్యేవరకు అభ్యర్థి మాత్రమే.

8. పణంగా ఉన్నది ఏమిటి?

న్యూట్రాన్ తార గర్భంలో సాంద్రత పరమాణు కేంద్రక సాంద్రతను మించుతుంది. ఆ స్థితిలో పదార్థం ఎలా ప్రవర్తిస్తుందో ఏ ప్రయోగశాలా నేరుగా చూపలేదు. తార ద్రవ్యరాశి, వ్యాసార్థాలే అక్కడికి దారి. డోలన తరంగరూపంలో ఆ దారి ఉంది. గురుత్వం కాంతిని వంచడం వల్ల తార వెనుక వైపు కూడా కొంత కనిపిస్తుంది, ఎంత కనిపిస్తే డోలనం అంత తగ్గుతుంది. వేగం వల్ల తరంగరూపం ఒక పక్కకు ఒరుగుతుంది. ఈ తర్కంతో 2005లో భట్టాచార్య బృందం ఎక్స్‌టీఈ జె1814-338 డోలనాల నుంచి, తార వ్యాసార్థం గురుత్వ నిడివి ప్రమాణానికి 4.2 రెట్లకు తక్కువ కాదన్న హద్దును రాబట్టింది.

ఈ గణనలన్నీ వెలుగు మచ్చ ఆకారం, స్థానం, దానిపై ఉష్ణోగ్రత పంపిణీ తెలుసునన్న ఊహపై ఆధారపడతాయి. మచ్చ స్థానంలో తరంగం ఉంటే, లేదా చల్లారే జాడ ఉంటే, అదే తరంగరూపం నుంచి వేరే వ్యాసార్థం వస్తుంది. కాబట్టి కారణం తెలియకుండా పౌనఃపున్యాన్ని నమ్మవచ్చు గాని, తరంగరూపాన్ని అంతే ధీమాతో నమ్మలేము. ఆత్మభ్రమణానికి దొరికిన ప్రామాణ్యాన్ని వ్యాసార్థానికి బదిలీ చేయడం ఈ రంగంలో తరచూ జరిగే పొరపాటు. ఎక్స్‌టీఈ జె1814-338 వంటి దశైక్యం గల తారలు ఇందుకు మినహాయింపుగా ఎంచదగినవి. వాటిలో మచ్చ ధ్రువం దగ్గర నిలిచి ఉందని నమ్మడానికి స్వతంత్ర ఆధారం ఉంది.

పరికరాల విషయంలో భారతదేశానికి కూడా ఇందులో పాత్ర ఉంది. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఆస్ట్రోశాట్‌లోని లాక్స్‌పీసీ పరికరం, టాటా సంస్థలో రూపొందినది, 4యు 1728-34 విస్ఫోటనంలో 363 హెర్ట్జ్ డోలనాన్ని తిరిగి నమోదు చేసింది. 2012 జనవరిలో రోసీ విరమించిన తర్వాత, తొలి హేతువు కనిపించిన తారలోనే, వేరే ఉపగ్రహం, వేరే బృందం అదే సంఖ్యను చూడడం ధ్రువీకరణకు విలువైన చేర్పు. 1122 హెర్ట్జ్‌కు దొరకనిది సరిగ్గా ఇదే.

9. ముగింపు

2024లో జైస్వాల్ బృందం నైసర్ దత్తాంశంలో, తొలి విస్ఫోటనాలకు నెలవైన 4యు 1820-30 నుంచే 716 హెర్ట్జ్ వద్ద ఒక సంకేతాన్ని నివేదించింది. నిజమైతే అది అత్యంత వేగంగా తిరిగే రేడియో పల్సార్‌కు దీటైన తార అవుతుంది, 730 హెర్ట్జ్ హద్దుకు అంచున నిలుస్తుంది. పరిశోధకులు దాన్ని అభ్యర్థి అనే పేర్కొన్నారు. ఈ ఒక్క మాటలో రంగం నేర్చుకున్న పాఠం ఉంది. 45 హెర్ట్జ్, 1122 హెర్ట్జ్‌ల అనుభవం వృథా పోలేదు.

పౌనఃపున్యం ఆత్మభ్రమణానికి హేతువన్న వ్యాప్తికి శాక్స్ జె1808.4-3658 వంటి వంటిళ్లు ఉన్నాయి. అవరోహణ దశ డోలనానికి వేడి మచ్చ కారణమన్న వ్యాప్తికి అటువంటి దృష్టాంతం అయస్కాంత ప్రాబల్యం గల కొద్ది తారలలో తప్ప లేదు. పొగను చూసి నిప్పు ఉందని చెప్పడం ఒక నిర్ణయం, ఆ నిప్పులో కాలుతున్నది ఏ కట్టె అని చెప్పడం మరొకటి. మొదటిది సాధించినందుకు ఈ పరిశోధన గర్వించవచ్చు. రెండోది సాధించేవరకు, ఈ డోలనాల నుంచి రాబట్టే ప్రతి వ్యాసార్థం పక్కనా ఏ కారణాన్ని ఊహించి ఆ విలువను రాబట్టారో స్పష్టంగా పేర్కొనడం అవసరం.